ఆక్టేవియా ఆర్‌ఎస్ ముందు షాకబ్సర్ల కోసం ఐదు నెలలు: ఒక కేస్ స్టడీ

ముందే చెప్పేస్తున్నా, ఓనర్ పేరు, బండి నంబరు, కలర్, అతను చేసే వ్యాపారం ఇవేవీ రాయను. గుంటూరు వైపు మనిషి అనుకోండి, చాలు. నాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు, రెండు లిఫ్టులు, నేనూ ఇద్దరు కుర్రాళ్లూ. ఇంజిన్ పని ముట్టుకోను, కింద పని ఒక్కటే, అంటే సస్పెన్షన్, స్టీరింగ్, అలైన్‌మెంట్. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో మొదటి మూడు నెలలు నేను చేసిందంతా తప్పే, ఆ తప్పు ఎక్కడ మొదలైందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే చాలా చిన్న చోట కనపడింది. పాత బండ్లకి సామాన్లు వెతికే కుర్రాళ్లకి పనికొస్తదని రాస్తున్నా.

బండి సంగతి

2006 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, ఆక్టేవియాలో స్పోర్ట్స్ రకం. మొదటి తరం ఆక్టేవియా అన్నమాట, 1.8 లీటర్ టర్బో పెట్రోల్, సిలిండర్‌కి 5 వాల్వుల చొప్పున 20 వాల్వులు. యూరప్‌లో ఇదే ఆర్‌ఎస్ 180 హార్స్‌పవర్, మనకి ఇచ్చింది 150. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని వల్లే ఒక తలనొప్పి వచ్చింది.

ఓనర్ మూడోవాడు, హైదరాబాద్‌లో కొన్నాడు. లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. మనిషికి బండంటే ప్రాణం, టైమింగ్ బెల్టు, టర్బో హోసులు, కూలెంట్ పైపులు అన్నీ మార్పించి ఒక్కో బిల్లూ ఫైల్లో పెట్టుకుని తెచ్చాడు. ఫైల్ అంతా తిరగేశా, సస్పెన్షన్ బిల్లు ఒక్కటి కూడా లేదు, అతని ముందు ఓనర్లవి కూడా లేవు. అంటే కింద ఏముందో ఎవరికీ తెలీదు. అది ఆ రోజే నా బుర్రకి తట్టాల్సింది, తట్టలేదు.

ఏం బాధతో వచ్చాడు

సంక్రాంతి అయిన వారం వచ్చాడు. దిగుతూనే అన్న మాట, "అన్నా, ముందు షాకబ్సర్లు పోయినయ్, కంపెనీ వాళ్లేమో ఈ మోడల్‌కి రావటం ఆగిపోయిందంటన్నారు, నువ్వే ఏదోటి చెయ్యాల."

చూడండి, రోగం పేరు అతనే చెప్పేశాడు, మందు కూడా అతనే చెప్పేశాడు. నేను తలూపాను.

అసలు కంప్లైంట్లు నాలుగు. చిన్న చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోయేటప్పుడు ముందు నుంచి టకటక, కానీ పెద్ద స్పీడ్‌బ్రేకర్ మీద అంత రాదు. గట్టిగా బ్రేక్ కొడితే ఎడమకి లాగడం. బండి ఆపి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే స్ప్రింగు మెలిపడి ఒక్కసారి వదిలినట్టు టొంయ్‌మని చప్పుడు. ముందు టైర్లు రెండూ లోపలంచున అరిగిపోవడం, అదీ ఎడమది ఎక్కువ.

ట్రయల్‌కి బందరు రోడ్డెక్కి కానూరు దాకా, మళ్లీ వెనక్కొచ్చి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీదకి ఎక్కించా. ఫ్లైఓవర్ జాయింట్ల మీద ముందుభాగం ఒకసారి లేచి రెండు మూడుసార్లు ఊగుతోంది, అంటే షాకబ్సర్లు నిజంగానే బలహీనపడ్డాయి, అందులో అబద్ధం లేదు. అదే నన్ను ముంచింది. ఆ ఒక్క మాట నిజమని తేలేసరికి నాలుగు కంప్లైంట్లూ దాని ఖాతాలోనే వేసేశాను. టకటక కూడా షాకబ్సరే, లాగుడు కూడా షాకబ్సరే, టైరు అరుగుడు కూడా. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ ఆటోనగర్‌లో రోజుకి పది బండ్లు ఇలాగే చూస్తాం.

మొదటి ప్రయత్నం, పుదుపేట

కొత్తవి రావన్నాక ఎవరైనా చేసేదే చేశాం. మా దగ్గర స్క్రాప్ షాపులన్నీ అడిగాం, ఆక్టేవియా సామాను ఉంది కానీ అన్నీ డీజిలువి. చెన్నై పుదుపేటలో మాకు తెలిసినాయన ఉన్నాడు, ఆర్‌ఎస్‌వే అని ఒట్టేసి రెండు ముందు స్ట్రట్లు, అంటే స్ప్రింగు కూర్చునే ముందు షాకబ్సర్లు పంపాడు, 9,000. చేతితో నొక్కితే గట్టిగానే ఉన్నాయి, ఆయిల్ తడి కూడా లేదు. ఎక్కించేశాం.

నాలుగు రోజులు బాగుందన్నాడు. మూడో వారానికి కుడివైపు రాడ్డు చుట్టూ ఆయిలు. పాత షాకబ్సర్ ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడుకోబెట్టి ఉంటే దాని సీలు రబ్బరు ఎండి గట్టిపడుద్ది, మళ్లీ పని మొదలెట్టిన రోజున రాడ్డు దాన్ని కొరికేస్తది. బయట తుడిచి రంగేసి పంపితే చేతికి దొరకదు. వాడిన షాకబ్సర్ కొనడం అంటే వాడిన టూత్‌బ్రష్ కొనడమే అని మా మేస్త్రీ అనేవాడు, ఆయన మాట నేనే పెడచెవిన పెట్టా.

ఇంకో సంగతి, టకటక పోలేదు. నాలుగు రోజులు బాగుందన్నాడే, అప్పుడు కూడా టకటక ఉందంట, "కొత్తగా వేశారు కదా సర్దుకుంటదేమో అనుకున్నా అన్నా" అన్నాడు. అతను ఆ మాట ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ఆగి ఉండాల్సింది. షాకబ్సర్ మారినా చప్పుడు అదే ఉంటే చప్పుడికి షాకబ్సర్‌తో సంబంధం లేదు, అంత సింపుల్.

రెండో ప్రయత్నం, రీకండిషన్

అతని పాత జతనే బాగు చేయిద్దాం అనుకున్నాం. పద్ధతి మీకు తెలుసు, ట్యూబుకి చిన్న రంధ్రం కొట్టి పాత ఆయిల్ తీసేసి కొత్తది పోసి, సీలు మార్చి వెల్డ్ చేస్తారు. జతకి 2,400. నేను ఒప్పుకోవడానికి కారణం ఒకటుంది, బాడీ అతని బండిదే కాబట్టి ఫిట్టింగ్‌లో తేడా రాదు, లోపల వాల్వులు కంపెనీవే ఉంటాయి, ఆయిలే కదా మారేది అనుకున్నా.

ఆలోచన సగమే కరెక్టు. ఈ షాకబ్సర్లలో ఆయిల్‌తో పాటు తక్కువ ప్రెషర్‌లో నైట్రోజన్ ఉంటది, పిస్టన్ గబగబా పైకీ కిందకీ ఆడినప్పుడు ఆయిల్ నురగ కట్టకుండా ఆపేది అదే. ఇక్కడ చేసే పనిలో గ్యాసు మళ్లీ సరిగ్గా ఎక్కించేవాళ్లు తక్కువ. దానికి బదులు చిక్కటి ఆయిల్ పోస్తారు, అది పొద్దున చల్లగా ఉన్నప్పుడు రాయిలా ఉంటది, వేడెక్కి నురగొచ్చాక నీళ్లలా అయిపోద్ది. పొద్దున గుంటూరులో బయల్దేరితే వెన్ను విరిగినట్టు ఉండేదంట, మంగళగిరి దాటేసరికి పడవలో పోతున్నట్టు. అది ఫిబ్రవరిలో సంగతి, రోహిణి కార్తె దాకా ఉంచుకుంటే ఇంకేం అయ్యేదో.

తీసేశాం. 2,400 పోతే పోయింది, లేబర్ నేను తీసుకోలేదు.

మూడోది, డబ్బా మీద ఒరిజినల్

ఈలోపు ఓనరే ఆన్‌లైన్‌లో ఒకచోట పట్టాడు, జత 14,000, కంపెనీ డబ్బా, స్టిక్కరు, హోలోగ్రామ్ అన్నీ ఉన్నాయి. నా దగ్గరకి వచ్చేసరికి నేను కొంచెం తేరుకుని ఉన్నా కాబట్టి ఎక్కించే ముందు బల్ల మీద పెట్టి చూశా.

రాడ్డు కిందకి నొక్కి వదిలేశా. గ్యాసున్న షాకబ్సర్ అయితే రాడ్డు తనంతట తాను నెమ్మదిగా పైకి లేవాలి, ఇది నొక్కిన చోటే కూర్చుంది. నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కి మళ్లీ చూశా, ఎందుకంటే పడుకోబెట్టి ఉంచినవాటిలో గాలి తప్పు గదిలోకి పోతది, ముందు అలా ఆడించి తీరాలి. అయినా లేవలేదు. తర్వాత బాడీ మీద నంబరు వెతికా. స్టిక్కర్ డబ్బా మీదే ఉంది, ట్యూబు మీద గుద్దిన నంబరు గానీ తయారీ తేదీ గానీ ఏం లేవు. స్ప్రింగు కూర్చునే పళ్లెం వెల్డింగ్ చూస్తే మన వీధి చివర గేట్లు చేసే కుర్రాడు ఇంకా శుభ్రంగా చేస్తాడు. వాపసు పంపించేశాం, డబ్బులు రావడానికి ఇరవై రోజులు పట్టింది.

మధ్యలో ఒక కౌంటర్‌లో "లారాది పడిద్ది సార్, అదీ స్కోడానే గదా" అని లారా స్ట్రట్లు చూపించారు. లారా రెండో తరం ఆక్టేవియా, మనకి పేరు మార్చి అమ్మారు, ఆక్టేవియా అన్న పేరు అప్పటికి పాత బండికే ఉంది కాబట్టి. కింద ప్లాట్‌ఫామే వేరు, వెనక సస్పెన్షన్ అయితే పూర్తిగా వేరు. పేరు కలిసింది కదా అని కొంటే ఇంతే సంగతులు. కానీ ఆ కౌంటర్ కుర్రాడి మాట నాకు వేరే రకంగా ఉపయోగపడింది. మేం కూడా మూడు నెలలుగా చేస్తోంది అదే కదా, "ఆక్టేవియా ఆర్‌ఎస్ షాకబ్సర్ ఉందా" అని పేరు పెట్టి అడుగుతున్నాం. ఎదుటోడు ఏది ఇచ్చినా కరెక్టో కాదో పోల్చి చూసుకోవడానికి మా దగ్గరేమీ లేదు.

ఆగి, కొలిచాం

మార్చి నెలాఖరు. ఓనర్‌కి చెప్పా, "సార్, ఇంక సామాను కొనొద్దు. బండి రెండ్రోజులు నాకు వదిలెయ్యండి, ఏం మార్చను, చూస్తానంతే." అతనికి నచ్చలేదు, మూడు నెలలు చూసింది చాలదా అన్నట్టు మొహం పెట్టాడు, న్యాయమే.

మొదట డిక్కీలో స్పేర్ వీల్ కింద ఉన్న స్టిక్కర్. స్కోడా, ఆడి, సియాట్ అన్నీ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువే, ఈ గ్రూపు బండ్లన్నిటికీ ఉంటది, ఆ బండి ఫ్యాక్టరీ నుంచి ఏ ఏ సామానుతో బయటికి వచ్చిందో మూడేసి అక్షరాల కోడ్‌లలో రాసి ఉంటది. మనదాంట్లో సగం చెమ్మకి ఊడిపోయింది. అదే స్టిక్కర్ ఇంకోటి సర్వీస్ బుక్కులో అంటిస్తారు, ఓనర్ ఇంట్లో వెతికి ఫొటో పంపాడు. సస్పెన్షన్ కోడ్ 1బి తో మొదలవుద్ది, 1బిఏ అంటే మామూలు సస్పెన్షన్, 1బిఇ అంటే స్పోర్ట్స్. మనది 1బిఇ.

ఇక్కడ 150 హార్స్‌పవర్ సంగతి. యూరప్ క్యాటలాగుల్లో బండిని ఇంజిన్ పవర్ బట్టి ఎంచుకోమంటది. ఆక్టేవియా 1.8 టర్బో 150 అని నొక్కితే అది అక్కడి మామూలు ఆక్టేవియా, మామూలు సస్పెన్షన్ షాకబ్సర్లు చూపిస్తది. ఆర్‌ఎస్ కావాలంటే 180 నొక్కాలి. మన పేపర్లలో 150 ఉంది కాబట్టి నిజాయితీగా నింపినోడు తప్పు సామానే తెప్పించుకుంటాడు. ఈ స్టిక్కర్ చూడకపోయి ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

తర్వాత టేపు. వీల్ సెంటర్ నుంచి ఫెండర్ అంచు దాకా రెండు వైపులా కొలిచా. కుడివైపు 9 మిల్లీమీటర్లు ఎత్తు. బండి సమానంగా ఉన్న నేల మీదే ఉంది, టైర్లలో గాలి చూసే కొలిచా, డ్రైవర్ సీట్లో ఎవరూ లేరు. స్ట్రట్లు విప్పి స్ప్రింగులు పక్కపక్కన పెట్టి వెర్నియర్ పెడితే ఎడమ స్ప్రింగు తీగ 12.5, కుడిది 13. చుట్లు సమానం, చుట్టు వెడల్పూ సమానం. అర మిల్లీమీటరే కదా అనిపిస్తది. స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుద్ది, లెక్కేస్తే 13 బై 12.5 నాలుగుసార్లు గుణిస్తే 1.17, అంటే కుడి స్ప్రింగు 17 శాతం గట్టిది. ఎవరో ఎప్పుడో కుడి స్ప్రింగు విరిగితే డీజిలు బండిది తెచ్చి ఒక్కటే వేశారు, డీజిలు ఇంజిన్ బరువు కాబట్టి దాని ముందు స్ప్రింగులు గట్టిగా ఉంటాయి. ఇంక దీనికి ఏ షాకబ్సర్ వేసినా రెండు పక్కలా ఒకేలా ఎలా పనిచేస్తది చెప్పండి.

స్ట్రట్ పైన ఉండే రబ్బరు మౌంటింగ్ రెండు వైపులా కుంగిపోయింది, బేరింగ్ తుప్పు పట్టి బిగుసుకుంది. ఆ టొంయ్ చప్పుడు ఇదే, స్టీరింగ్ తిప్పితే బేరింగ్ తిరగదు, స్ప్రింగే మెలిపడి ఒక్కసారి జారుద్ది. మేం జనవరిలో స్ట్రట్ విప్పినప్పుడు ఈ మౌంటింగులు తీసి మళ్లీ అవే పెట్టాం! కుర్రాడు అడిగాడు కూడా, "అన్నా ఇవి మార్చొద్దా" అని. "షాకబ్సర్లు రానీ తర్వాత చూద్దాం" అన్నా. రాసుకోవాల్సిన మాట.

లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి, బుష్ అంటే దాని అతుకులో ఉండే రబ్బరు. ఆ ఆర్మ్ వెనక బుష్, ఎడమది, టామీ రాడ్డు పెట్టి తోస్తే ఆర్మ్ మొత్తం వెనక్కి జరుగుతోంది. బ్రేక్ కొడితే చక్రం వెనక్కి పోతే బండి అటు లాగక ఏం చేస్తది. చిరిగిన తీరు చూస్తే రబ్బరు గుండ్రంగా తెగింది, ఒక పక్క మెలిపడి. ఇలా ఎప్పుడు తెగుద్దంటే చక్రాలు గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టు బిగించినప్పుడు. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటది, అది తిరిగే బేరింగ్ కాదు, మెలిపడే రబ్బరు. ఏ ఎత్తులో బిగిస్తే అదే దానికి విశ్రాంతి ఎత్తు. గాల్లో బిగించి కిందకి దించితే బండి నిలబడి ఉన్నంతసేపూ రబ్బరు మెలిపడే ఉంటది, కొన్ని నెలల్లో తెగుద్ది. లిఫ్ట్ మీద నుంచే గన్ పెట్టి టర్రుమని బిగించి వదిలేసే షెడ్డులన్నీ ఈ పని చేస్తున్నాయి. నేనూ మొదట్లో చేశా, ఎవరూ చెప్పలేదు.

ఎడమ లోయర్ ఆర్మ్ కూడా కొంచెం వంగి ఉంది, ఎవరో తప్పు చోట ట్రాలీ జాక్ పెట్టి లేపారు. టైరు లోపలంచు అరుగుడికి సగం కారణం అది, సగం స్ప్రింగుల తేడా.

ఇన్ని కనపడ్డాక ఓనర్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే షాకబ్సర్లు పోలేదా?" అన్నాడు. పోయినయ్ సార్, వాటితో పాటు ఇవన్నీ కూడా పోయినయ్, టకటక మాత్రం వాటిది కాదు అన్నా.

పేరుతో కాకుండా నంబరుతో

ఈ గ్రూపు పార్ట్ నంబర్‌కి ఒక వ్యాకరణం ఉంది, అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మొదటి మూడక్షరాలు ఆ సామాను మొదట ఏ బండి కోసం తయారైందో చెప్తాయి. 1జె0 అంటే నాలుగో తరం గోల్ఫ్, 1యు0 అంటే మన ఆక్టేవియా, 8ఎన్0 అంటే మొదటి ఆడి టీటీ. తర్వాతి మూడంకెలు ఏ భాగమో, 4తో మొదలైతే ముందు యాక్సిల్, 5 అయితే వెనక యాక్సిల్, 6 బ్రేకులూ చక్రాలూ. కుడి ఎడమ వేరుగా ఉండే సామానుకి మామూలుగా చివరంకె బేసి అయితే ఎడమ, సరి అయితే కుడి, బాల్ జాయింట్లు 1జె0 407 365, 366 లాగా.

మన ఆక్టేవియా ముందు సస్పెన్షన్‌లో నంబర్లు రాసుకుంటూ పోతే 1యు దాదాపు కనపడదు. లోయర్ ఆర్మ్ వెనక బుష్ 1జె0 407 181, ముందు బుష్ 1జె0 407 182, పై మౌంటింగ్ 1జె0 412 331, ఆ మౌంటింగ్ కింద బేరింగ్ అయితే 6ఎన్0 412 249, అది తొంభైల నాటి పోలో నుంచి వచ్చింది. మనం ఆక్టేవియా ఆక్టేవియా అని తిరుగుతుంటే ఆ బండి కింద ఉన్నదంతా గోల్ఫ్. ఆ ప్లాట్‌ఫామ్ మీదే బోరా, న్యూ బీటిల్, మొదటి ఆడి ఏ3, టీటీ, మొదటి సియాట్ లియోన్ వచ్చాయి, అన్నీ కలిపి లక్షల బండ్లు. వాటికి యూరప్‌లో ఇప్పటికీ సామాను కొత్తది తయారవుతోంది. "రావటం ఆగిపోయింది" అన్న మాట ఒక కౌంటర్ వరకే నిజం.

షాకబ్సర్ నంబరు 1జె0 413 031, దాని తర్వాత వచ్చే అక్షరాలే అసలు కథ, మామూలా స్పోర్ట్సా అన్నది అక్కడే ఉంది. కాబట్టి 1జె0 413 031 అని సగం నంబరు చెప్పి కొనేసినా మళ్లీ మొదటికే వస్తాం. 1బిఇ కోడ్‌కి పడే వరస చూసుకుని తెప్పించాలి.

ఏది కొనాలన్న వాదన

ఇక్కడ నాకూ ఓనర్‌కీ బాగా నడిచింది. అతను బిల్‌స్టీన్ కంపెనీ బి8 షాకబ్సర్లు అన్నాడు, వీడియోలు చూసొచ్చి. బి8 బాడీ పొట్టిది, కిందకి దించిన స్ప్రింగుల కోసం చేసింది. బండి దించాలంటే ఓకే, కానీ ఇతను రోజూ తిరిగేది గుంటూరు లోపలి రోడ్లు, ఇంటి వీధిలో జనం సొంతంగా పోసుకున్న స్పీడ్‌బ్రేకర్లు, వాటి ఎత్తుకి లెక్కా పత్రం లేదు. దించనప్పుడు బి8కి పెట్టే డబ్బు దండగ. బి6 మామూలు ఎత్తు స్ప్రింగులకే గానీ గట్టిది, హైవే మీద అద్భుతం, ఇంట్లో పెద్దావిడకి నడుం నొప్పి ఉంది, ఆవిణ్ణి నెలకోసారి మా ఊళ్లో డాక్టర్ దగ్గరకి ఇదే కార్లో తీసుకొస్తాడు. ఇది అతను చెప్పింది మూడో రోజున, మాటల మధ్యలో. బండి ఎవరెక్కుతారని ముందే అడగాలి, నేను అడగలేదు.

చివరికి ఫ్యాక్టరీ స్పోర్ట్స్ సస్పెన్షన్‌కి సాక్స్ వాళ్లు ఇచ్చే ట్విన్‌ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) షాకబ్సర్ల జత, ముందు స్ప్రింగులు రెండూ లెస్‌యోఫోర్స్ వాళ్లవి, అదే కోడ్‌కి. స్ప్రింగు ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకుందామని అతనికి ఆశ పుట్టింది, ఆ ఒక్క స్ప్రింగు సంగతేగా ఇంతదాకా తెచ్చింది అంటే నవ్వి ఊరుకున్నాడు. జర్మనీ నుంచి తెప్పించాం, కొరియర్ వాడు గ్యాసు ఉన్న సామాను అని కాగితాలడిగి ఒక వారం ఆపాడు. డ్యూటీ, కొరియర్ అన్నీ కలిపి 58,000. నొప్పిగానే ఉంది.

లోయర్ ఆర్మ్ వెనక బుష్‌కి టీటీది వేశాం, 8ఎన్0 407 181 బి. గోల్ఫ్ బుష్‌లో రబ్బరు మధ్యలో ఖాళీలుంటాయి, మెత్తగా ఉంటది, త్వరగా చిరుగుద్ది. టీటీది నిండు రబ్బరు, అదే సైజు, అదే చోట పడుద్ది. స్టీరింగ్‌లోకి కొంచెం వణుకు ఎక్కువ వస్తది, ఆ మాట ముందే చెప్పా. బ్రేక్ కొట్టినప్పుడు చక్రం కదలకపోవడం అతనికి ముఖ్యం, ఒప్పుకున్నాడు.

వంగిన ఆర్మ్ ఎక్కడి నుంచి తేవాలి? లోకల్ మార్కెట్లో కొత్త ఆర్మ్ దొరికింది గానీ రేకు పల్చన, బుష్ గోరు పెడితే దిగుతోంది. ఇక్కడ స్క్రాప్ మంచిదైంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో మునిగిన బండ్లు చాలా ఇన్సూరెన్స్ కింద పోయి ఆటోనగర్‌కి విడి సామానుగా చేరాయి. అందులో ఒక డీజిలు ఆక్టేవియా. మునిగిన బండి నుంచి ఏం తీసుకోవచ్చు ఏం తీసుకోకూడదు అంటే నా లెక్క ఇది, ఉక్కు తీసుకో, రబ్బరూ బేరింగూ ఆయిలూ ఉన్నది ఏదీ తీసుకోకు. ఆర్మ్ మందపాటి రేకు, మునిగినా పైపైన తుప్పే. డీజిలైనా పెట్రోలైనా ఈ బండ్లకి ఆర్మ్ అదే. రెండు ఆర్ములూ తెచ్చి, సమానంగా ఉన్న ఇనప ప్లేటు మీద పెట్టి వంపు లేదని చూసుకుని, తుప్పు దులిపి రంగేసి, పాత బుష్‌లు ప్రెస్ మీద తీసి కొత్తవి కొట్టాం. అదే బండి షాకబ్సర్లు కూడా ఊరికే ఇస్తానన్నాడు షాపాయన, దండం పెట్టా.

ఎక్కించడం

విప్పకముందే వీల్ సెంటర్ నుంచి ఫెండర్‌కి కొలత రాసుకోవాలి అంటారు, మన కొలత రెండు వైపులా వేరు కాబట్టి పనికిరాదు. అందుకని బుష్ బోల్టులన్నీ చేత్తో వదులుగా పెట్టి, కొత్త స్ప్రింగులతో బండి కిందకి దించి, షెడ్డు బయట రెండు రౌండ్లు తోసి సర్దుకోనిచ్చి, అప్పుడు కొలిచాం. రెండు వైపులా తేడా 2 మిల్లీమీటర్లు. మళ్లీ లిఫ్ట్ ఎక్కించి ఆర్మ్ కింద జాక్ పెట్టి అదే కొలతకి లేపి అప్పుడు బిగించాం. అరగంట ఎక్కువ పట్టింది.

ఆర్మ్‌కీ, అది అతుక్కునే సబ్‌ఫ్రేమ్‌కీ (ఇంజిన్ కింద ఉండే ఇనప చట్రం) ఉండే బోల్టులు కోణం లెక్కతో సాగేలా బిగించేవి, ఒక్కసారికే. కొత్తవి వేశాం. పాతవి పారేస్తుంటే పక్క షెడ్డు బాబాయ్ "అవి బానే ఉన్నయ్ గదరా" అని ఏరుకోబోయాడు, ఆపాను.

బాల్ జాయింట్ ఆర్మ్‌కి మూడు బోల్టులతో ఉంటది, రంధ్రాలు కొంచెం పొడుగ్గా ఉంటాయి, దాంతో క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, కాస్త మారుద్ది. అంతకుమించి ఈ బండికి ముందు క్యాంబర్ అడ్జస్ట్‌మెంట్ లేదు, ఇంకా తేడా ఉంటే సబ్‌ఫ్రేమ్ వదులు చేసి పక్కకి జరిపి రెండు వైపులా సమం చేసుకోవాలి. అలైన్‌మెంట్ వాళ్లు టో (చక్రాలు ముందుకి చూసే దిశ) ఒక్కటి సరిచేసి పచ్చ రంగు ప్రింటు ఇచ్చేస్తారు, క్యాంబర్ ఎర్రగా ఉన్నా "అది కంపెనీ ఫిక్స్ సార్" అంటారు. మనకి రెండూ పచ్చలోకి వచ్చాయి, సబ్‌ఫ్రేమ్ కొంచెం కుడికి జరపాల్సొచ్చింది.

జూన్ మొదటి వారంలో బండి ఇచ్చేశా. టకటక లేదు, టొంయ్ లేదు, ఫ్లైఓవర్ జాయింట్ మీద ఒక్కసారి ఊగి ఆగుతోంది, వారధి మీద గట్టిగా బ్రేక్ కొట్టి చూపించా, స్టీరింగ్ వదిలేసి. మౌంటింగులు, బేరింగులు, బుష్‌లు, ఆర్ములు, లింక్ రాడ్లు, బోల్టులు అన్నీ కలిపి 17,000. నాలుగు కంప్లైంట్లూ ఈ పదిహేడు వేల సామానుతో, కొత్త స్ప్రింగులతో పోయేవి. అంటే జనవరిలోనే మౌంటింగులూ బుష్‌లూ మార్చి ఉంటే టకటక, లాగుడు అప్పుడే పోయేవి, షాకబ్సర్లకి తాపీగా వెతుక్కునేవాళ్లం. ఖర్చు తగ్గేదా అంటే పెద్దగా తగ్గేది కాదేమో, పుదుపేట 9,000, ఆ 2,400 మాత్రం మిగిలేవి. తగ్గేది అతని విసుగు.

ఇప్పుడు షెడ్డులో ఒక పద్ధతి పెట్టా. పాత బండి ఏదొచ్చినా మొదట డిక్కీ స్టిక్కర్ ఫొటో, నాలుగు ఎత్తులు, స్ప్రింగు తీగ మందం, విప్పిన ప్రతి సామాను మీద గుద్దిన నంబరు, ఇవి పుస్తకంలో రాసేదాకా ఎవరికీ ఫోన్ చేయకూడదు. కస్టమర్ చెప్పిన రోగం పేరు పుస్తకంలో రాయం, అతనికి వినపడింది, కనపడింది, ఎక్కడ ఎప్పుడు అన్నదే రాస్తాం. కుర్రాళ్లకి మొదట్లో చాదస్తంగా ఉంది. మొన్న ఒక పాత ఫియట్ పాలియో 1.6 వచ్చింది, ఇద్దరూ నేను చెప్పకముందే టేపు పట్టుకుని కింద దూరారు.

ఓనర్ పోయిన వారం ఫోన్ చేశాడు. "అన్నా, ముందు సూపర్‌గా ఉంది గానీ వెనక ఎడమవైపు కిర్రుకిర్రుమంటంది, వెనక షాకబ్సర్ పోయిందనుకుంటా, తెప్పించమంటావా?" తెప్పించొద్దు సార్, బండి తీసుకురండి అన్నా. వెనక చక్రాలు రెంటినీ కలిపే బీమ్‌కి ఉండే బుష్ అయ్యుండొచ్చు, 1జె0 501 541, లేకపోతే ఇంకేదైనా. చూశాక చెప్తా.